అనుమతి లేని ఎద

పరాంకుశరావుగారు పోలీసు జాగిలాల కేంద్రానికి డైరెక్టరుగా రాకముందు అక్కడి ఆడకుక్కలు ఎప్పుడు పడితే అప్పుడు ఎదకు వచ్చేవి. అది తప్పని వాటికి గాని, వాటిని సాకే కానిస్టేబుళ్లకు గాని, వాటికి వైద్యం చేసే డాక్టర్ వకుళకు గాని అప్పటిదాకా తోచలేదు.

కేంద్రం ఊరికి దూరంగా, కోళ్లఫారాలకూ కంకర క్వారీకీ నడుమ ఉండేది. వకుళ అక్కడ పశువైద్యురాలు. నలభై దాటిన మనిషి. కోపంగా ఉన్న కుక్క నోట్లో చెయ్యి పెట్టడానికి జంకదు గాని ఆఫీసర్ల ముందు నోరు విప్పాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుంటుంది. కొత్త డైరెక్టరు మొదటి సమీక్షా సమావేశంలోనే ఆమె నోరు విప్పాల్సి వచ్చింది.

ఆ ఏడాదిని ప్రభుత్వం సమయపాలన సంవత్సరంగా ప్రకటించింది. పరాంకుశరావుగారు అంతకుముందు వేరే శాఖలో గుమాస్తాలకు వేలిముద్రల యంత్రం పెట్టించి పేరు తెచ్చుకున్న మనిషి. ఇక్కడ ఎవరికి ఏం పెట్టించాలా అని చూస్తున్నారు.

"ఇక్కడ పిల్లలు ఏ నెలలో పుడతాయండీ?" అని అడిగారు.

"తల్లి ఎదకు వచ్చినదాన్ని బట్టి సార్," అంది వకుళ.

"తల్లి ఎప్పుడు వస్తుంది?"

"మామూలుగా ఆర్నెల్లకోసారి. కొన్ని నాలుగు నెలలకే వస్తాయి, కొన్ని ఏడాదికి గాని రావు. ఒకే కుక్కయినా ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రాదు."

"అంటే షెడ్యూలు లేదంటారు."

"ఉంటుంది సార్. మనకు చెప్పదు. అది ప్రకృతి."

డైరెక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రకృతి ఏ శాఖ కిందికి వస్తుంది?"

ఆఫీసు సూపరింటెండెంటు శంభులింగం లేచి నిలబడ్డాడు. ఏ ప్రశ్నకైనా ఒక శాఖ పేరు చెప్పగలగడమే ఆయన ఉద్యోగంలో పైకి రావడానికి కారణం. "అటవీశాఖ కావచ్చండి," అన్నాడు.

"వారి నుంచి నిరభ్యంతర పత్రం తెప్పించండి."

అటవీశాఖ వారు, జాగిలములు వన్యమృగముల జాబితాలో లేనందున తమకెట్టి అభ్యంతరము లేదని వారంలో జవాబిచ్చారు. దాంతో ప్రకృతి వైపు నుంచి ఉన్న అడ్డంకి తొలగిపోయింది. జూన్ నెలలో ఉత్తర్వు వెలువడింది.

"కేంద్రమునందలి ఆడ జాగిలములన్నియు ప్రతి సంవత్సరము ఏప్రిల్, అక్టోబరు మాసముల మొదటి వారమునందు విధిగా ఎదకు రావలెను. ముందుగా గాని, ఆలస్యముగా గాని వచ్చుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును."

ఈ ఉత్తర్వు నకలు ఆర్థికశాఖకు వెళ్తే, "ఎవరి ఎదకు రావలెనో స్పష్టపరచవలెను" అని రాసి తిప్పి పంపారు. ఎద అంటే రొమ్ము కాదని, కుక్కల విషయంలో అది వేరే అని వకుళ పేజీన్నర వివరణ రాసిచ్చింది. అది చదివిన పెద్దాఫీసరు సిగ్గుపడి వెంటనే ఆమోదించాడని తర్వాత తెలిసింది.

అక్టోబరు మొదటి వారం వచ్చింది. పన్నెండు ఆడకుక్కల్లో రెండు మాత్రం ఉత్తర్వును పాటించాయి. మిగతా పదింటికీ మెమోలు వచ్చాయి.

ఆ పదింటిలో అందరి కళ్లూ బిజిలీ మీద పడ్డాయి. నల్ల లాబ్రడార్ అది. ఆ పక్క క్వారీలోనే మట్టిలో పాతిపెట్టిన జిలెటిన్ కడ్డీలను వాసనపట్టి, అక్కడ పనిచేసే కూలీల ప్రాణాలు కాపాడింది. దాని మొదటి కాన్పు పిల్లలు నాలుగు జిల్లాల్లో ఉద్యోగాలు చేస్తున్నాయి. కాని ఏడాదిన్నరగా అది ఎదకు రాలేదు. అంటే కొత్త నిబంధన రాకముందు నుంచే అది నిబంధనను ఉల్లంఘిస్తూ వస్తోందని శంభులింగం కనిపెట్టాడు.

బిజిలీని చూసుకునేది హెడ్ కానిస్టేబుల్ కొమురయ్య. మెమో తీసుకుని అతను వకుళ గదికి వచ్చాడు.

"మేడం, 'నీవు ఎందుకు ఎదకు రాలేదో సంజాయిషీ ఇయ్యాలె' అని రాసిన్రు. నాకా, దానికా?"

"దానికే అనుకుంటా."

"ముట్టినట్టు సంతకం గావాల్నట."

సంతకం బదులు ముందుకాలి ముద్ర చెల్లుతుందని శంభులింగం నిబంధనలు వెదికి చెప్పాడు. సిరా దిమ్మ తెచ్చి బిజిలీ ముందు పెట్టారు. అది దిమ్మను నాకి, నీలం నాలుకతో కొమురయ్య చెయ్యి నాకింది. ఆ మరకనే ముద్ర కింద జమకట్టారు.

సంజాయిషీ కొమురయ్య రాసిచ్చాడు. "అది మూగ జీవి. దానికి కడుపులో ఏదో బాధున్నది. వేళకు తింటది, చెప్పిన మాట ఇంటది. ఒక్కసారి మాఫ్ చేయగలరు." సంజాయిషీ సంతృప్తికరంగా లేదని, మూగతనం దానికి ముందునుంచీ ఉన్నదే గనుక కారణంగా చూపరాదని జవాబు వచ్చింది. ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు. నిష్పాక్షికత కోసం కుక్కలతో ఏ సంబంధమూ లేనివాళ్లను ఏరి వేశారు: కుక్కల గదులకు కప్పు వేయించిన ఇంజనీరు, ఒక లెక్కల అధికారి, క్రమశిక్షణలో నిపుణుడని ఒక రిటైరైన డ్రిల్లు మాస్టరు.

వకుళ వాళ్ల ముందు బిజిలీ రక్తపరీక్ష రిపోర్టు పెట్టింది. "థైరాయిడ్ తక్కువగా ఉందండి. అందుకే ఒళ్లు చేసింది, వెంట్రుక ఊడుతోంది, ఎద రావడం లేదు. మాత్రలు వాడితే సర్దుకుంటుంది. కొనడానికి అనుమతి ఇవ్వండి చాలు."

ముగ్గురూ రిపోర్టును చేతులు మార్చుకుంటూ చూశారు. ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు.

"డాక్టరుగారూ, మా ముందున్నది క్రమశిక్షణ కేసు. తప్పు చేసినవాళ్లకు మందులిస్తే మిగతావాళ్లకు ఏం సందేశం వెళ్తుంది?"

"అది తప్పు కాదండీ, జబ్బు."

"జబ్బని తేలితే కేసు కొట్టేయాలి. కేసు కొట్టేస్తే సంఘం రద్దవుతుంది. సంఘం రద్దయితే మీ మందుల ప్రతిపాదన ఎవరు ఆమోదిస్తారు?"

వకుళ రిపోర్టు మడిచి పట్టుకుని లేచి వచ్చేసింది. బయట చెట్టు కింద కొమురయ్య బిజిలీ మెడ మీద చెయ్యి వేసుకుని కూచున్నాడు. ఆమె మొహం చూసి, బిజిలీ గొలుసు పట్టుకుని లేచాడు.

మందులకు బదులు ప్రేరణ కావాలని సంఘం తేల్చింది. పట్నం నుంచి ఒక వ్యక్తిత్వ వికాస నిపుణుణ్ని పిలిపించారు. ఆయన కాలర్‌కి మైకు తగిలించుకుని, వరసగా కూచోబెట్టిన ఆడకుక్కల ముందు పూటంతా మాట్లాడాడు. మీ లక్ష్యం మీరే రాసుకోండన్నాడు. గడియారం మీకు శత్రువు కాదు, స్నేహితుడన్నాడు. కుక్కలు ఒక్కటొక్కటే తల కాళ్ల మధ్య పెట్టుకుని నిద్రపోయాయి. శ్రోతలు కడదాకా ప్రశాంతంగా విన్నారని శంభులింగం నివేదిక పంపాడు.

ఆ సాయంత్రం వకుళ ఇంటికి వెళ్తూ మందుల షాపు ముందు స్కూటీ ఆపింది. మనుషులు వేసుకునే థైరాయిడ్ మాత్రే కుక్కకూ పనిచేస్తుంది, మోతాదే వేరు. మర్నాటి నుంచి కొమురయ్య రోజూ పొద్దున పెరుగన్నం ముద్దలో మాత్ర దాచి బిజిలీకి పెట్టేవాడు. ఈ సంగతి వాళ్లిద్దరూ ఎవరికీ చెప్పలేదు. క్రమశిక్షణ కేసులో ఉన్న ఉద్యోగికి దొంగచాటుగా వైద్యం చేయడం ఏ సెక్షన్ కిందికి వస్తుందో తెలిసేదాకా చెప్పకపోవడమే మంచిదని వకుళ అనుకుంది.

చలికాలం వెళ్లేసరికి బిజిలీ ఒళ్లు తగ్గింది. వెంట్రుక నిగనిగలాడింది. బంతి కనిపిస్తే మళ్లీ పరుగెత్తడం మొదలుపెట్టింది. మార్చి నెల సగం దాటాక ఒకరోజు కొమురయ్య వచ్చి, ఎవరో పోయిన కబురు చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు.

"మేడం, బిజిలీ ఎదకొచ్చింది."

వకుళకు ముందు నవ్వొచ్చింది. ఇన్నాళ్ల కష్టం ఫలించింది గదా అనుకుంది. ఆ తర్వాత గోడమీది క్యాలెండరు కేసి చూసింది.

"ఇంకో రెండు వారాలు ఆగితే ఏం పోయింది దీనికి," అన్నాడు కొమురయ్య.

దాచడం కుదరదు. ఎద రక్తం గచ్చంతా పడుతుంది, మగకుక్కలన్నీ మూలుగుతాయి. వకుళ స్వయంగా వెళ్లి డైరెక్టరుగారికి చెప్పింది. దాదాపు రెండేళ్ల తర్వాత వచ్చింది సార్, ఇప్పుడు జతకట్టిస్తే మంచి పిల్లలు వస్తాయని కూడా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని ఉత్తర్వు రాయించారు. "బిజిలీ అను జాగిలము ముందస్తు అనుమతి లేకుండా పొందిన ఎదను ఏప్రిల్ మొదటి వారము వరకు నిలుపుదల చేయడమైనది."

"సార్, దాన్ని ఆపలేం."

"ఆపమనలేదండీ. అమలు వాయిదా వేశాం."

ఉత్తర్వును బిజిలీ గది తలుపుకు అంటించారు. గోడ అవతలి గదిలో ఉండేది సుల్తాన్, పసుపురంగు మగ లాబ్రడార్. ఎత్తయిన గోడలు దూకడంలో దానికి తర్ఫీదు ఇచ్చింది ఈ కేంద్రమే. రాష్ట్ర పోటీల్లో పతకమూ తెచ్చింది. మర్నాడు మధ్యాహ్నం కొమురయ్య అన్నానికి వెళ్లిన వేళ సుల్తాన్ తన తర్ఫీదును వినియోగించుకుంది. కొమురయ్య తిరిగి వచ్చేసరికి రెండూ ఒకదాని వెనక ఒకటి అతుక్కుని నిలబడి ఉన్నాయి. ఆ స్థితిలో వాటిని విడదీయకూడదు. అతను కండువా నెత్తిన వేసుకుని, అటు తిరిగి, ఎవరూ రాకుండా కాపలా కాశాడు.

నెల తిరిగేసరికి బిజిలీ పొట్ట చేతికి తగిలింది. విచారణ సంఘం ఒక్క పూటలో తుది నివేదిక ఇచ్చింది. రావలసినప్పుడు రాకపోవుట, రాకూడనప్పుడు వచ్చుట, వాయిదాను ధిక్కరించుట అనే మూడు అభియోగాలూ రుజువయ్యాయి. జూన్ నెలాఖరున, విరిగిన కుర్చీలూ పాత టైర్లతో కలిపి దాన్ని వేలం వేయాలని నిర్ణయించారు. అప్పటిదాకా దాన్ని మూలపడ్డ జీపు ఉన్న షెడ్డులోకి మార్చారు.

వేలంలో కుక్కలను కొనేది ఎవరో వకుళకు తెలుసు. కోళ్లఫారాల వాళ్లు. రాత్రింబగళ్లు గొలుసుతో కట్టేసి, చచ్చిన కోళ్లు వేస్తారు. ఆమె రెండుసార్లు డైరెక్టరుగారి గది దాకా వెళ్లి, రెండుసార్లూ లోపలికి పోయి వేలం ఆపమని అడిగింది. ఆయన రెండుసార్లూ మర్యాదగా కూచోమని, టీ తెప్పించి, "వ్యక్తిగతంగా నాకూ కుక్కలంటే ఇష్టమేనండీ" అన్నారు.

ఈ నడుమనే ఏప్రిల్ కూడా వచ్చింది. అక్టోబరు మెమోల దెబ్బకు కానిస్టేబుళ్లకు తెలివి వచ్చింది. మొదటి వారం దాటేసరికి మిగతా పదకొండు కుక్కలూ ఎదకు వచ్చినట్టు రిపోర్టులు అందాయి. నూటికి నూరు శాతం. డైరెక్టరుగారి గదిలో గోడకు తగిలించిన పెద్ద టీవీ తెర మీద పదకొండు పచ్చ చుక్కలు వెలిగాయి. పన్నెండోది తీసేశారు.

జతకట్టించడానికి ఒక బుధవారం ఖరారైంది. ఆ రోజు డైరెక్టరుగారికి తీరిక. మైదానంలో షామియానా వేశారు. ఎదలో లేని ఆడకుక్క దగ్గరికి మగకుక్కను తీసుకుపోతే ఏమవుతుందో వకుళ ముందే చెప్పింది, ఆ మాటను ప్రతికూల ధోరణిగా మినిట్స్‌లో రాసుకున్నారు. అయిందేమిటంటే, సుల్తాన్ చెవి చీలింది. ఇంకొకదాని ముక్కు పోయేంత పనైంది. ఒక కానిస్టేబుల్ అరచేతికి కుట్లు పడ్డాయి. వకుళ చీకటి పడేదాకా కుట్లు వేస్తూనే ఉంది. తెర మీద మాత్రం పదకొండు చుక్కలూ పచ్చ నుంచి గులాబీకి మారాయి. గర్భం నిలిచినట్టు ధ్రువీకరించమంటే ఆమె ఒప్పుకోలేదు. శంభులింగం నొచ్చుకోకుండా ఆ గడిలో "ప్రక్రియలో ఉన్నది" అని తనే రాసుకున్నాడు.

మే నెలాఖరు ఎండల్లో, రేకుల షెడ్డు పెనంలా కాలుతున్న మధ్యాహ్నం బిజిలీ ఈనింది. కొమురయ్య గోనెసంచులు తడిపి రేకుల మీద పరిచాడు. వకుళ జీపు పక్కన నేలమీద చతికిలబడి పిల్లల్ని అందుకుంది. చివరిది కదల్లేదు. ఆమె దాని నోట్లో జిగురు తీసి, తువ్వాలులో పెట్టి వీపు రుద్దింది. రుద్దుతూనే ఉంది. ఇక వదిలేయండి మేడం అని కొమురయ్య అనబోయేంతలో అది కీచుమంది. బిజిలీ తల ఎత్తి చూసి, దాన్ని ఆమె చేతుల్లోంచి లాక్కున్నట్టుగా నాకడం మొదలుపెట్టింది. మొత్తం ఎనిమిది.

జూన్ వచ్చింది, పోతోంది. ప్రక్రియలో ఉన్న పదకొండింటిలో ఒక్కటీ ఈనలేదు. సరిగ్గా అప్పుడే, సమయపాలన సాధించిన కేంద్రాన్ని చూడటానికి మంత్రిగారు వస్తున్నట్టు ఫోన్ వచ్చింది. డైరెక్టరుగారు శంభులింగాన్నీ వకుళనూ పిలిపించారు.

"పిల్లలు ఏవండీ?"

శంభులింగం ఫైలు తెరిచాడు. "ఉన్నవి ఎనిమిదండీ. కాని అవి లేవు."

"అంటే?"

"అనుమతి లేని ఎద. దాంట్లో పుట్టినవి రికార్డులోకి ఎక్కలేదండీ."

 డైరెక్టరుగారి మొహం మెల్లగా విప్పారింది. "ఊళ్లలో అనుమతి లేని మేడలనే ప్రభుత్వం క్రమబద్ధీకరిస్తోంది. ఇవి చిన్న పిల్లలు."

ఒక్కపూటలో పిల్లలు క్రమబద్ధమయ్యాయి. ఎనిమిదింటినీ ఎనిమిది మంది సమయపాలక తల్లులకు పంచారు. పిల్ల దక్కని మూడు తల్లులు ప్రసూతి సెలవులో ఉన్నట్టు చూపారు. ఇక మిగిలింది డాక్టరు ధ్రువీకరణ.

"బిజిలీ వేలం ఆపండి సార్," అంది వకుళ. గొంతు ఆమె అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "అప్పుడు పెడతాను సంతకం."

"ఎలా ఆపుతామండీ? ఇప్పుడది సంతానం కూడా లేని జాగిలం."

"పిల్లలకు పాలెవరిస్తారు?"

"తల్లులు."

"ఆ తల్లులకు పాలు లేవు సార్."

ఆయన చిరాకుగా గోడ మీది చుక్కల వైపు చూశారు. సంతకం సంగతి మంత్రిగారు వెళ్లాక చూద్దామన్నారు.

మంత్రిగారు వచ్చిన రోజు మైదానంలో ఎనిమిది కుక్కలు వరసగా నిలబడ్డాయి. ఒక్కోదాని ముందు ఒక్కో పిల్ల, మెడలో గులాబీ రిబ్బను. ఆ తల్లులు తమ పిల్లల్ని ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు చూస్తున్నాయి. ఒకటి గుర్రుమంది కూడా. బిజిలీని దూరంగా జీపు షెడ్డులో పెట్టి గడియ వేశారు.

గడియ తుప్పుపట్టినది. పొద్దుటి నుంచి పాలు దిగి పొదుగు గట్టిపడిపోయిన తల్లికి అదొక లెక్క కాదు. మంత్రిగారు మూడో కుక్క దాకా వచ్చేసరికి బిజిలీ మైదానం మధ్యకు వచ్చి నిలబడింది. అరవలేదు. ఎనిమిది రిబ్బన్లూ ఒక్కసారి కదిలాయి. పిల్లలు ఒకదానిమీద ఒకటి దొర్లుకుంటూ పోయి దాని కిందికి దూరాయి. అది అక్కడే, కార్పెట్ మీద, పక్కకు ఒరిగి పడుకుంది.

 పిల్లలు పాలు తాగుతున్న చప్పుడే వినిపించింది.

"గీ కుక్కేంది?" అన్నారు మంత్రిగారు.

 ముప్పై ఏళ్ల సర్వీసు పరాంకుశరావుగారిని ఆదుకుంది. "ఆయా సార్. ఔట్‌సోర్సింగ్."

మంత్రిగారు పల్లెటూరి మనిషి, గొడ్డూగోదా ఎరిగినవాడు. ఆయన చూపు కుక్క మీద నుంచి డైరెక్టరు మీదికి, అక్కణ్నుంచి తెల్లకోటులో ఉన్న వకుళ మీదికి వచ్చింది. "ఏం డాక్టరమ్మా, అవునా?"

కాదు అంటే డైరెక్టరుగారి ఉద్యోగం మీదికి వస్తుంది. అది చూడాలని ఆమెకు ఎంతగానో ఉంది. కాని కాదని తేలిన మరుక్షణం ఆ కుక్క తల్లి అవుతుంది. తల్లి అయితే మూడు అభియోగాలూ లేచి వస్తాయి. వేలం ఎల్లుండి.

"అవునండి," అంది వకుళ. "చాలా మంచి ఆయా."

మంత్రిగారు ఏమనుకున్నారో గాని నవ్వారు. తల్లులు విధి నిర్వహణలో ఉంటే పిల్లల్ని చూసేందుకు ఆయా, ఆలోచన బాగుందన్నారు. ప్రతి కేంద్రంలోనూ పెట్టాలన్నారు. విలేకరులు రాసుకున్నారు.

మర్నాడే ఉత్తర్వులు వచ్చాయి. బిజిలీ పేరు వేలం నుంచి తొలగించి, పాత ఉద్యోగం రద్దు చేసి, ఔట్‌సోర్సింగ్ పద్ధతిన ఆయాగా నియమించారు. సగం తిండి. పరేడ్‌లో స్థానం లేదు. అయితే ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి క్రమశిక్షణ నిబంధనలు వర్తించవు గనుక అది ఇక ఎప్పుడైనా ఎదకు రావచ్చు. మిగతా సగం తిండి కొమురయ్య ఇంటినుంచి తెస్తానన్నాడు.

ఒక్క చిక్కు మిగిలింది. పోస్టుకు విధించిన అర్హతల్లో, పక్షపాతం లేకుండా అందరు పిల్లల్నీ సమానంగా చూడటానికి వీలుగా ఆయాకు సొంత పిల్లలు ఉండరాదని ఉంది. దానికి డాక్టరు ధ్రువీకరణ కావాలి.

కాగితం పట్టుకుని వకుళ షెడ్డుకు వెళ్లింది. కొమురయ్య నీళ్ల గిన్నె కడుగుతున్నాడు.

"తల్లిని ఆయా జేసిన్రు గద మేడం," అన్నాడు, తల ఎత్తకుండా.

"బతికింది కదా కొమురయ్యా."

"బతికింది." గిన్నె బోర్లించాడు. "దానికి ఫరక్ తెల్వదు లెండి."

వకుళ జీపు బానెట్ మీద కాగితం పరిచింది. ఎనిమిదిలో ఒకటి, ఆనాడు కదలకుండా పుట్టినదే, వచ్చి ఆమె చీర కుచ్చిళ్లు పట్టి గుంజసాగింది. 'బిజిలీకి సంతానము లేదని ధ్రువీకరించడమైనది' అన్న వాక్యం కింద ఆమె పూర్తి పేరుతో, డిగ్రీతో సహా సంతకం పెట్టింది. 

తర్వాత వంగి పిల్లను కుచ్చిళ్ల నుంచి విడిపించి, ఆయా దగ్గర పడుకోబెట్టింది. బిజిలీ దాన్ని ఒకసారి వాసన చూసి, ముందుకాలితో తన వైపు లాక్కుంది.